సముద్రపు నీటి కాంతి గుణాలు కొలవడం ఎలా: తుంగభద్ర ఒడ్డు నుంచి మొదలుపెట్టే మార్గదర్శి

కర్నూలు వాళ్లు సముద్రం చూడాలంటే ఒక రాత్రి బస్సులో గడపాలి. అయినా ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) చదవాలనే పిల్లలు మన జిల్లాల్లో తక్కువేం లేరు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, చెన్నైలో ఎన్‌ఐఓటీ, గోవాలో ఎన్‌ఐఓ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఓషనోగ్రఫీ విభాగం... ఈ సముద్ర పరిశోధన సంస్థల పేర్లన్నీ వాళ్లకు తెలుసు. తెలియనిదల్లా సముద్రం లేని ఊళ్లో ఉండి అక్కడ వాడే పరికరాల మీద చెయ్యి తిప్పుకోవడం ఎలా అన్నదే.

కాంతి సంగతి వరకు వస్తే ఇది అనుకున్నంత కష్టం కాదు. కంటికి కనిపించే కాంతిని ఉప్పు దాదాపుగా శోషించదు. ఏ మలినమూ లేని మంచినీటికంటే ఏ మలినమూ లేని సముద్రపు నీరు కాంతిని సుమారు 30 శాతం ఎక్కువగా చెదరగొడుతుంది, అంతే. నీళ్లలో కొట్టుకొచ్చే మట్టి, పాచి, కుళ్లిన ఆకుల రంగు చేసే పని ముందు ఆ తేడా లెక్కలోకి రాదు. కాబట్టి పరికరం వెనకున్న సూత్రమూ, దాన్ని వాడే పద్ధతీ ఇక్కడే నేర్చుకోవచ్చు.

పైగా మన దగ్గర రెండు కొసల నీళ్లూ ఉన్నాయి. వానాకాలంలో ఎగువ నుంచి ఎర్రనీళ్లు దిగినప్పుడు తుంగభద్రలో చెయ్యి పెడితే మణికట్టు కనిపించదు. నంద్యాల దగ్గర మహానంది కోనేట్లో గుండుసూది పడేసినా కనిపిస్తుందని చెప్పుకుంటాం. నదీముఖం దగ్గరి బురద సముద్రానికీ, నడిసముద్రానికీ ఉన్న తేడా ఇలాంటిదే. ఈ రెండు నీళ్లనూ ఒకే పరికరంతో, ఒకే అమరికతో కొలవలేమని అర్థమైతే సగం విద్య వచ్చినట్టే.

ముందు ఏం కొలుస్తున్నామో తేల్చుకోండి

నీళ్లలోకి వెళ్లిన కాంతికి రెండే జరుగుతాయి. కొంత నీళ్లలోనే ఇంకిపోతుంది, అది శోషణం. కొంత దారి తప్పి పక్కకు పోతుంది, అది పరిక్షేపణం. రెండూ కలిపితే కిరణం ఎంత బలహీనపడిందో తెలుస్తుంది, దాన్ని కిరణ క్షీణత అంటాం. మూడింటికీ యూనిట్ ఒకటే: మీటరుకు ఇంత. క్షీణత మీటరుకు 1 ఉన్న నీళ్లలో ఒక మీటరు ప్రయాణించిన కిరణంలో సుమారు 37 శాతం మిగులుతుంది.

ఈ మూడూ నీళ్ల సొంత గుణాలు. పగలైనా రాత్రైనా, ఎండ కాసినా మబ్బు పట్టినా మారవు. ఎండ నీళ్లలో కిందికి దిగేకొద్దీ ఎంత తగ్గుతోంది, పైనుంచి చూస్తే నీళ్లు ఏ రంగులో ఉన్నాయి అన్నవి మాత్రం సూర్యుడు ఎక్కడున్నాడన్న దాని మీద కూడా కొంత ఆధారపడతాయి. ఈ రెండు రకాలనూ విడదీసి పేర్లు పెట్టినవాడు రుడాల్ఫ్ ప్రైజెన్‌డోర్ఫర్, 1961లో. ఏ పరికరం చేతికొచ్చినా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న: దీనికి సొంత దీపం ఉందా, లేక ఎండను వాడుకుంటోందా? సొంత దీపం ఉంటే అది సాధారణంగా మొదటి రకం గుణాన్ని కొలుస్తోంది, రాత్రిపూట కూడా పనిచేస్తుంది.

మొదటి పరికరం: సెక్కి పళ్లెం

1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త, పోప్ నౌకాదళానికి చెందిన ఓడ మీద మధ్యధరా సముద్రంలోకి తెల్ల పళ్లేలు దించి, ఎంత లోతులో కనుమరుగవుతున్నాయో రాసుకున్నాడు. ఇప్పటికీ ఓడల మీద అదే పద్ధతి ఉంది. సముద్రంలో సాధారణంగా 30 సెంటీమీటర్ల పూర్తి తెల్ల పళ్లెం వాడతారు. చెరువులకూ నదులకూ 20 సెంటీమీటర్లది చాలు, దాన్ని నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేస్తారు.

తయారీ ఒక పూట పని. గట్టి అక్రిలిక్ షీటునో స్టీలు రేకునో గుండ్రంగా కోయించండి. మెరుపు లేని పెయింట్ వేయండి, మెరిసే పెయింట్ అయితే ఎండ తిరిగి కంట్లో కొడుతుంది. మధ్యలో రంధ్రం పెట్టి, కింద ఒకటి రెండు కిలోల ఇనప బరువు బిగించండి. తాడుకు బదులు ఇళ్ల కొలతలకు వాడే ఫైబర్‌గ్లాస్ టేపు కట్టండి, బట్టల కొట్టు టేపు కాదు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, గుర్తులు తప్పుతాయి.

కొలత తీసేది పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపల. పుట్టిలో వెళ్తే నడపడం వచ్చినవాళ్లతోనే వెళ్లండి, లైఫ్ జాకెట్ వేసుకోండి, బ్యారేజీ గేట్ల దరిదాపులకు పోవద్దు. పుట్టి నీడ పడే వైపు నుంచి పళ్లెం దించండి. కూలింగ్ గ్లాసెస్ తీసేయండి. పళ్లెం కనుమరుగైన చోట టేపు చదవండి, ఇంకొంచెం దించి నిదానంగా పైకి లాగుతూ మళ్లీ కనిపించిన చోట చదవండి. రెండింటి సగటే సెక్కి లోతు. ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా రాసుకుంటే మంచిది.

పళ్లెం సగం లోతులో ఉన్నప్పుడు దాని మీద నీళ్ల రంగు ఎలా కనిపిస్తుందో కూడా రాసుకోండి. ఫోరెల్-ఉలె రంగుల కొలబద్ద ఇందుకోసమే. 19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఈ కొలబద్దలో ముదురు నీలం నుంచి కోలా గోధుమ రంగు దాకా 21 మెట్లు ఉంటాయి.

సెక్కి లోతు నుంచి రెండు అంచనాలు వస్తాయి. 1.7ని మీటర్లలో ఆ లోతుతో భాగిస్తే, ఎండ కిందికి దిగేకొద్దీ ఎంత వేగంగా తగ్గుతుందో, అంటే ఎండ క్షీణత, సుమారుగా తెలుస్తుంది. ఇది 1929లో పూల్, అట్కిన్స్ ఇచ్చిన సూత్రం, బురద నీళ్లలో కొంచెం తప్పుతుంది. రెండోది, సుమారు 8.7ని లోతుతో భాగిస్తే కిరణ క్షీణత, ఎండ క్షీణత రెండూ కలిపిన మొత్తం వస్తుంది. ఎర్రనీళ్లలో పళ్లెం 20 సెంటీమీటర్లకే మాయమైందనుకోండి. 8.7ని 0.2తో భాగిస్తే 43.5. అందులో ఎండ వాటా తీసేస్తే కిరణ క్షీణత మీటరుకు 35 నుంచి 40 మధ్య ఉండొచ్చు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

మహానంది లాంటి నీళ్లలో పళ్లెం పనికిరాదు. అడుగు దాకా దించినా కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి అక్కడ తెలిసేది కోనేటి లోతే. అంటార్కిటికా దగ్గరి వెడెల్ సముద్రంలో 1986లో పళ్లెం దాదాపు 80 మీటర్ల దాకా కనిపించింది. అంత తేట నీళ్లను అయిదడుగుల కోనేట్లో నిలువుగా కొలవలేం. అక్కడ కావాల్సింది తెలిసిన పొడవులో పంపే కిరణం.

రెండో పరికరం: కిరణం మీటర్, మన చేతులతో

ఓడల మీద దీన్ని ట్రాన్స్‌మిస్సోమీటర్ అంటారు. ఎక్కువగా కనిపించేది సి-స్టార్ అనే పరికరం. ఒక కొసన 650 నానోమీటర్ల ఎర్ర దీపం, ఇంకో కొసన కాంతిని పట్టే సెన్సర్, మధ్యలో 10 లేదా 25 సెంటీమీటర్ల నీళ్లు. ఎర్ర రంగే ఎందుకంటే, కుళ్లిన ఆకుల నుంచి నీళ్లలో కరిగే పసుపు పదార్థం నీలాన్ని బాగా మింగేస్తుంది గానీ ఎరుపు జోలికి పెద్దగా రాదు. అందుకని ఎర్ర కిరణం బలహీనపడితే ఆ నేరం చాలావరకు నీళ్లలో తేలే రేణువులదే అని చెప్పొచ్చు.

మనకు దొరికే చవక ఎర్ర లేజర్ మాడ్యూల్ కూడా 650 నానోమీటర్లదే కావడం మన అదృష్టం. కావాల్సినవి ఇవి: 5 వోల్టుల లేజర్ మాడ్యూల్, బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ (కాంతి పడితే కరెంటు పారించే సెన్సర్), 1 కిలోఓమ్ రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ, మల్టీమీటర్, గాజు తొట్టె, చెక్క పలక.

తొట్టె గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొలత మంచిచెడ్డలు దాని మీదే ఉన్నాయి. అద్దాల షాపులో మామూలు కిటికీ అద్దంతో లోపలి కొలతలు 25 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా కోయించి, అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. 8 సెంటీమీటర్ల ఎత్తు దాకా నింపితే సరిగ్గా ఒక లీటరు పడుతుంది. ఒకే తొట్టెలో రెండు దారులు దొరకడం దీని గొప్పతనం. కిరణాన్ని తొట్టె పొడవునా పంపితే 25 సెంటీమీటర్లు, వెడల్పుకు అడ్డంగా పంపితే 5. కిరణం దూరే చోట, బయటికొచ్చే చోట అద్దం మీద సిలికాన్ మరక గానీ వేలిముద్ర గానీ ఉండకూడదు. మిగతా గోడలకు బయటివైపు నల్ల కాగితం అంటించండి.

ఇక బిగింపు.

1. లేజర్‌ను చెక్క పలక మీద కదలకుండా బిగించండి. దానికి మొబైల్ చార్జర్ నుంచి కరెంటు ఇవ్వండి. చిన్న బ్యాటరీ మీద నడిపితే అది దిగిపోయేకొద్దీ వెలుగు తగ్గి, నీళ్లే బురద అవుతున్నాయని మిమ్మల్ని నమ్మిస్తుంది.

2. ఫోటోడయోడ్‌ను 9 వోల్టుల బ్యాటరీకి రివర్స్ బయాస్‌లో (కాథోడ్ ప్లస్ వైపు ఉండేలా), రెసిస్టర్‌తో వరసగా కలపండి. రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చదవండి. ఈ పద్ధతిలో కాంతి రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది. ఎల్‌డీఆర్ (కాంతిని బట్టి నిరోధం మారే రెసిస్టర్) వాడితే ఈ సమానత్వం ఉండదు, కాబట్టి అది చవకే అయినా వద్దు.

3. ఫోటోడయోడ్ ముందు రెండు మూడు సెంటీమీటర్ల నల్ల గొట్టం పెట్టండి. ముందుకు చెదిరిన కాంతి కూడా సెన్సర్‌లో పడితే నీళ్లు ఉన్నదానికంటే తేటగా కనిపిస్తాయి. పెద్ద పరికరాలకూ ఈ బాధ ఉంది. సి-స్టార్ 1.2 డిగ్రీల లోపల చెదిరిన కాంతిని వేరు చేయలేదు, ఏసీ-9 అనే ఇంకో పరికరం 0.93 డిగ్రీల లోపలిదాన్ని. అందుకే ఒకే నీళ్లకు రెండు పరికరాలూ కొంచెం వేరు అంకెలు చూపిస్తే కంగారు పడక్కర్లేదు.

4. తొట్టెను ఒక వెంట్రుకవాసి పక్కకు తిప్పి పెట్టండి. లేదంటే అద్దం మీద తగిలిన కిరణం తిరిగి లేజర్‌లోకే వెళ్లి వెలుగు ఊగుతుంది. తొట్టె ఎక్కడుండాలో పలక మీద చెక్కముక్కలు కొట్టి స్థిరం చేయండి, తీసి పెట్టినప్పుడల్లా అదే చోట కూర్చోవాలి.

5. మొత్తాన్ని నల్లగుడ్డతో కప్పండి. లేజర్ వేసి అయిదు నిమిషాలు ఆగండి. 5 మిల్లీవాట్లకు మించిన లేజర్ వాడొద్దు, కిరణం వైపు గానీ అద్దం మీద దాని ప్రతిబింబం వైపు గానీ ఎవరూ తొంగిచూడకూడదు. పిల్లలతో చేస్తున్నప్పుడు ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

ఎర్రది పనిచేశాక పచ్చ లేజర్‌తో కూడా చేయాలనిపిస్తుంది. అప్పుడొక జాగ్రత్త. 532 నానోమీటర్ల చవక పచ్చ లేజర్లలో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికి కారుతుంది. కన్ను దాన్ని చూడదు గానీ ఫోటోడయోడ్ చూస్తుంది, అంకెలు పాడవుతాయి. 520 నానోమీటర్ల డయోడ్ లేజర్ అయితే ఈ గొడవ ఉండదు.

సున్నా తీయడం

ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా. ప్రతి కొలతకూ మూడు అంకెలు కావాలి: చీకటి అంకె, సున్నా నీళ్ల అంకె, శాంపిల్ అంకె.

లేజర్ ఆర్పకుండా దాని ముందు నల్ల అట్ట అడ్డంపెట్టి చదివేది చీకటి అంకె. తర్వాత తొట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, బుడగలు పోయేదాకా ఆగి చదివేది సున్నా నీళ్ల అంకె. బ్యాటరీ వాటర్ వాడొచ్చు గానీ కొన్ని క్యాన్లలో దుమ్ము ఉంటుంది. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో డిస్టిలేషన్ చేసిన నీళ్లు దొరికితే అవే మేలు. ఆ తర్వాత అవి తీసేసి శాంపిల్ పోసి చదవండి.

ఉదాహరణకు చీకటి అంకె 3 మిల్లీవోల్టులు, సున్నా నీళ్లకు 1203, శాంపిల్‌కు 603 వచ్చాయనుకుందాం. రెండింట్లోంచీ 3 తీసేస్తే 1200, 600. సగం కాంతి దాటింది. 0.5కి నేచురల్ లాగ్ మైనస్ 0.693. గుర్తు మార్చి 0.25 మీటర్లతో భాగిస్తే 2.77. అంటే శుద్ధ నీటికంటే ఈ నీళ్ల క్షీణత మీటరుకు 2.77 ఎక్కువ. శుద్ధ నీరు కూడా ఎరుపును కొంత మింగుతుంది, 650 నానోమీటర్ల దగ్గర దాని శోషణం మీటరుకు 0.34. సున్నా అంకెలోనే అది కలిసిపోయింది కాబట్టి మనకొచ్చేది రేణువుల వాటా.

ఇప్పుడు ఇందాకటి ఎర్రనీళ్లకు వద్దాం. క్షీణత 38 అనుకుంటే, 25 సెంటీమీటర్ల దారిలో లక్షలో ఏడెనిమిది వంతుల కాంతి మాత్రమే దాటుతుంది. మీటర్ చూపించేది చీకటి అంకే. అవే నీళ్లను 5 సెంటీమీటర్ల దారిలో పెడితే 15 శాతం దాటుతుంది, హాయిగా చదవొచ్చు. దాటిన కాంతి 10 శాతం కంటే తగ్గితే దారి తగ్గించండి, 90 శాతం కంటే పెరిగితే దారి పెంచండి. నేను పెట్టుకున్న కట్టుబాటు ఇదే.

తేట నీళ్ల దగ్గర కష్టం ఇంకో రకంది. సున్నా అంకెలో ఒక్క శాతం తప్పు జరిగిందనుకోండి. 25 సెంటీమీటర్ల దారిలో ఆ తప్పు మీటరుకు 0.04 అవుతుంది, 5 సెంటీమీటర్ల దారిలో 0.2. ఎర్రనీళ్ల 38 ముందు 0.2 ఏపాటిది? కానీ నడిసముద్రపు నీలి నీళ్లలో రేణువుల వాటా మీటరుకు 0.05 దగ్గర ఉండొచ్చు. అక్కడ ఒక్క శాతం తప్పు అంటే మొత్తం కొలతే తప్పు. కంపెనీ పరికరానికి అంత ధర ఉన్నదీ, సముద్రానికి వెళ్లేవాళ్లు సున్నా నీళ్ల కోసం అంత తంటాలు పడేదీ ఇందుకే. మన తొట్టె మీటర్ నడిసముద్రానికి చాలదు. నదికీ, చెరువుకూ, తీరం వెంబడి సముద్రానికీ చాలు.

మీటర్ సరిగా పనిచేస్తోందో లేదో పాలతో తేల్చుకోవచ్చు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 మిల్లీలీటరు పాలు కలిపి పక్కన పెట్టుకోండి. తొట్టెలోని లీటరు సున్నా నీళ్లలో ఆ పాలనీళ్లను సిరంజితో 10 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతూ, ప్రతిసారీ నెమ్మదిగా కలియబెట్టి చదవండి. క్షీణత ప్రతిసారీ దాదాపు సమానంగా పెరగాలి. అయిదుసార్లకు తొట్టెలో నీళ్లు 5 శాతం పెరుగుతాయి, లెక్కలో దాన్ని సరిచేయండి. గ్రాఫ్ గీత పైకి వెళ్లేకొద్దీ వంగుతుంటే, చెదిరిన కాంతి సెన్సర్‌లో పడుతోందని అర్థం. నల్ల గొట్టాన్ని ఇంకా పొడవు చేయండి.

శాంపిల్ బాటిల్‌ను కొలిచే ముందు నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే బుడగలొస్తాయి, అసలు ఊపకపోతే ఒండ్రు అడుగున కూర్చుని నీళ్లు తేటబడిపోతాయి. తెచ్చిన రోజే కొలవండి. మహానంది నీళ్లు కావాలంటే దేవస్థానం వాళ్లను అడిగి ఒక బాటిల్ తెచ్చుకోండి, కోనేట్లో పరికరాలు దించే ఆలోచన పెట్టుకోవద్దు.

మూడో కొలత: ఎండ ఎంత లోతుకు దిగుతోంది

దీనికి దీపం అక్కర్లేదు. నీళ్లు చొరబడని పారదర్శక డబ్బాలో లక్స్ సెన్సర్ (వెలుగును లక్స్ అనే యూనిట్‌లో కొలిచేది) పెట్టి, పైన తెల్లటి పాల రంగు ప్లాస్టిక్ ముక్క అతికించండి. అన్ని వైపుల నుంచి వచ్చే కాంతినీ న్యాయంగా తీసుకోవడానికి ఆ ముక్క. నడిమధ్యాహ్నం, మబ్బులు కదలని రోజు, సెన్సర్ ముఖం ఆకాశం వైపు ఉండేలా చట్రానికి కట్టి దించండి. పుట్టి నీడ పడకుండా కర్ర సాయంతో సూర్యుడున్న వైపుకు జరపండి. పైన ఇంకో సెన్సర్‌తో ఒకరు అదే సమయంలో చదువుతుంటే, మబ్బు వల్ల తగ్గిందా నీళ్ల వల్ల తగ్గిందా అన్న అనుమానం ఉండదు.

అర మీటరు లోతులో 30,000 లక్స్, ఒకటిన్నర మీటర్లలో 6,000 లక్స్ వచ్చాయనుకుందాం. అయిదో వంతు మిగిలింది. 5కి నేచురల్ లాగ్ 1.61, మధ్యలో ఒక మీటరు, కాబట్టి ఎండ క్షీణత మీటరుకు 1.61. 4.6ని దాంతో భాగిస్తే 2.86 మీటర్లు. పైన పడిన ఎండలో ఒక్క శాతం మిగిలే లోతు అది. పాచి, నీటి మొక్కలు బతకగలిగే హద్దుగా సముద్ర శాస్త్రంలో దాన్నే తీసుకుంటారు. లక్స్ సెన్సర్ పచ్చ రంగుకు ఎక్కువ విలువిస్తుంది. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా కాంతి కణాలను సమానంగా లెక్కపెట్టే పార్ సెన్సర్ దొరికితే అదే వాడండి.

కాలేజీ ల్యాబ్‌లో పసుపు రంగు కొలత

చాలా డిగ్రీ కాలేజీల్లో యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ఏ రంగు కాంతిని ఎంత మింగిందో చూపేది) ఉంటుంది, దుమ్ము కొట్టుకుపోతూ. నీళ్లను 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, 10 సెంటీమీటర్ల క్యూవెట్‌లో (శాంపిల్ పోసే గాజు గిన్నెలో) పోసి, సున్నా నీళ్లతో పోల్చి 440 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ చదవండి. 700 దగ్గర వచ్చిన అంకెను అందులోంచి తీసేయండి. దాన్ని 2.303తో గుణించి 0.1 మీటర్లతో భాగిస్తే కరిగిన పసుపు పదార్థపు శోషణం. వడకట్టిన నీళ్లను ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండ తగిలితే ఆ రంగు వెలిసిపోతుంది.

పైనుంచి రంగు చూడడం, రామన్ పద్ధతి

బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో నార్కుండా ఓడలో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ మధ్యధరా నీలాన్ని చిన్న నికోల్ పట్టకంలోంచి (ఒకే దిశలో కంపించే కాంతినే వదిలేది) చూశాడు. నీళ్ల మీద ప్రతిఫలించే ఆకాశాన్ని ఆ పట్టకం తొలగించినా లోపలి నీలం అలాగే ఉండిపోయింది. సముద్రం నీలం ఆకాశం ప్రతిబింబం కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చాడు. అదే పని చేసే పోలరాయిడ్ ముక్కతో ఇది మీరూ చూడొచ్చు. నీళ్ల మట్టానికి నిలువుగా గీత ఊహించుకుని, దానికి 53 డిగ్రీల వాలులో చూస్తూ పోలరాయిడ్ తిప్పండి. ఒక స్థానంలో పైమెరుపు మాయమై చెరువు లోపలి అసలు రంగు బయటపడుతుంది.

ఫోన్‌తో అంకె కూడా తీయొచ్చు. హైడ్రోకలర్ అనే యాప్ మూడు ఫోటోలు అడుగుతుంది: 18 శాతం బూడిద రంగు కార్డు, ఆకాశం, నీళ్లు. నిలువు గీతకు 40 డిగ్రీల వాలులో, సూర్యుడి నుంచి 135 డిగ్రీలు పక్కకు తిరిగి తీయాలి. ఆ కోణంలో సూర్యుడి తళుకు, మన నీడ రెండూ తక్కువగా పడతాయి. ఓడల మీద ఖరీదైన రేడియోమీటర్లతో కొలిచేవాళ్లూ ఇవే కోణాలు పాటిస్తారు. ఇస్రో 1999 మేలో పంపిన ఓషన్‌శాట్-1, 2022 నవంబరులో 13 రంగుల పట్టీల కెమెరాతో వెళ్లిన ఈఓఎస్-06 ఆకాశం నుంచి చూసేది కూడా ఈ రంగునే. జాలర్లకు చేపలు దొరికే చోటు చెప్పే ఇన్‌కాయిస్ సూచనలకు ఈ కొలతలు ఆధారం.

ఓడ ఎక్కే రోజున

అక్కడ కనిపించే పరికరాలు ఇప్పటికి మీకు పాత పరిచయాలే. శోషణం, క్షీణత రెండూ కొలిచే ఏసీ-ఎస్‌లో రెండు 25 సెంటీమీటర్ల గొట్టాలుంటాయి. క్షీణత గొట్టం లోపల నలుపు, చెదిరిన కాంతి గోడకు తగిలి పోవాలి. శోషణ గొట్టం గోడలు మెరుస్తాయి, చెదిరిన కాంతి కూడా సెన్సర్ దాకా చేరాలి. అయినా కొంత తప్పించుకుంటుంది, ఆ మేరకు లెక్క సరిచేస్తారు. హైడ్రోస్కాట్ తన దీపం కాంతి వెనక్కి, 140 డిగ్రీల కోణంలో ఎంత చెదిరిందో చూస్తుంది. లిస్ట్ అనే పరికరం లేజర్ ముందుకు చెదిరిన తీరును బట్టి రేణువుల సైజు చెబుతుంది. ఎండను కొలిచే రేడియోమీటర్‌ను ఓడ నీడ పడనంత దూరం వదిలి, నిటారుగా మునగనిస్తారు. 5 డిగ్రీల కంటే ఎక్కువ వాలినప్పటి అంకెలను సాధారణంగా పక్కన పెట్టేస్తారు.

గొట్టాలున్న పరికరాన్ని నేరుగా లోతుకు పంపకూడదు. ముందు 10 మీటర్ల దగ్గర కొన్ని నిమిషాలు ఆపి, పంపు ఆడించి, గొట్టాల్లోని గాలి బుడగలు పోనివ్వాలి. తర్వాత మళ్లీ పైకి తెచ్చి అప్పుడు కొలత మొదలుపెట్టాలి. నీళ్ల వేడి, ఉప్పు కూడా అదే సమయంలో రాసుకోవాలి, ఎందుకంటే ఎరుపుకు అవతల, 740 నానోమీటర్ల ప్రాంతంలో నీటి శోషణం వేడిని బట్టి మారుతుంది.

మీ తొట్టె మీటర్‌తో నెల్లూరు వైపు మైపాడు తీరానికి వెళ్లినా ఇదే క్రమం. అలలు విరిగే చోట ఇసుక, బుడగలు కలిసి ఉంటాయి, అక్కడి నీళ్లు తీసుకోవద్దు. పడవ వాళ్లు లోపలి నుంచి తెచ్చిచ్చిన నీళ్లను 25 సెంటీమీటర్ల దారిలో పెట్టి మొదలుపెట్టండి. పని కాగానే అద్దాలను మంచినీళ్లతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి, ఉప్పు ఎండితే పొరలా పేరుకుంటుంది. లెన్సు తుడిచే మెత్తటి కాగితంతో తుడిచి, తొట్టెలో సున్నా నీళ్లు పోసి ఇంకోసారి చదవండి. పొద్దున తీసిన సున్నాకూ దీనికీ ఒక శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే, ఆ తేడాను ఆ రోజు నోటుబుక్కులో ప్రతి అంకె పక్కనా రాయండి.